టోపీల సినిమాలో పలకల మోత

అమెరికాలో కూడా మనిషి చచ్చిపోతే పలకలు, అంటే చావు డప్పులు, కొడతారని కాలేజీకి వెళ్ళేదాకా నమ్మినదాన్ని నేను. నవ్వకండి. నా కళ్ళతో చూశాను, చెవులతో విన్నాను. వానకు తడిసిన నల్లటి రోడ్డు. పొడుగు కారు వచ్చి ఆగుతుంది. కిటికీలోంచి తుపాకీ మంటలు. పొడుగు కోటు వేసుకున్న హీరో మోకాళ్ళ మీద కూలబడతాడు, వాడి టోపీ దొర్లుకుంటూ పోయి కాలువలో పడుతుంది. అప్పుడు ఎక్కడో నాలుగు వీధుల అవతల మోగినట్టు పలకల మోత మొదలవుతుంది. మా వైపు శవం లేచినప్పుడు ఏ దరువు కొడతారో అచ్చం అదే దరువు.

"నాయనా, ఆడ కూడా పలకలోళ్ళు ఉంటారా?" అని అడిగాను ఒకసారి.

"ఉండకేమి అమ్మణ్ణీ! అంతటి మొనగాడు పోతే ఊరికే ఎత్తకపోతారా?" అన్నాడు నాయన. అని, వంటింటి వైపు ఒక చూపు చూసి, మళ్ళీ టీవీ వైపు తిరిగాడు.

మా నాయన పాల ట్యాంకరు డ్రైవరు. పలమనేరు నుంచి బెంగళూరికి పాలు తోలేవాడు. బెంగళూరులో ఒక వీడియో దుకాణం వాడు ఏ గడియలో ఏ క్యాసెట్టు చేతిలో పెట్టాడో గానీ, పాత నలుపు తెలుపు గ్యాంగ్‌స్టర్ సినిమాల పిచ్చి పట్టుకుంది మనిషికి. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అయితేనేం, సినిమా మొదలైతే చాలు, కథంతా తెలుగులో ఆయనే చెప్పేవాడు. "సూడు, వాడు ఇకిలిస్తా ఉండాడే, వాడే పొడిసేది. నమ్మితివా, సచ్చితివి!" తెర మీద ఎవడి పేరు ఏమైనా కానీ, మా ఇంట్లో మాత్రం వాళ్ళు పెద్దాయన, బట్టతలోడు, పూల చొక్కా, ఏడుపుగొట్టు. హీరో కొత్త కోటు కుట్టించుకుని అద్దం ముందు నిలబడ్డాడంటే నాయన నిట్టూర్చేవాడు. "అయిపోయింది వీడి పని. కోటు కొన్యాడు," అనేవాడు. ఆయన మాట ఒక్కసారి కూడా తప్పలేదు.

నాకూ ఆ సినిమాలంటే ప్రాణం. ఆ పొగ, ఆ నీడలు, కిటికీ చెక్కల సందుల్లోంచి మొహాల మీద పడే చారలు. చంపడానికి వచ్చినవాడు కూడా ముసలమ్మ ఎదురైతే టోపీ తీసి పలకరించి, ఆమె వెళ్ళాకే కాల్చేవాడు. ఆ మర్యాద మా వీధిలో ఎవరికీ లేదని నాకు కోపంగా ఉండేది. మిగతా క్యాసెట్లన్నీ అద్దెవి, వచ్చి పోయేవి. మా సొంతమని ఉన్నది పలకలు మోగే ఈ సినిమా ఒక్కటే. నాయన స్నేహితుడి దగ్గర్నుంచి ఇంకో వీడియో డెక్కు తెచ్చి, రెండింటికీ వైరు తగిలించి, కాపీ చేసుకున్నది. అందుకని దాన్ని అరగదీశాం.

ఆ క్యాసెట్టులో వింతలు పలకలతో మొదలయ్యేవి కావు. సినిమాకు ముందు కొన్ని క్షణాలు ఒక ఇంటి గడప కనబడేది. గడప లోపల నేల మీద దీపం, చుట్టూ ఆడవాళ్ళ పాదాలు. వెంటనే గీతలు గీతలుగా బొమ్మ చిరిగిపోయి, బాకాల సంగీతంతో సినిమా మొదలయ్యేది. అది సినిమా కంపెనీ వాళ్ళ గుర్తు అనుకున్నాను. ఒక కంపెనీకి సింహం ఉన్నట్టు వీళ్ళకు గడప. ఇక పెద్దాయన మనుషులంతా కూర్చుని పేకాట ఆడుతుంటే, వాళ్ళ మాటల అడుగున, చాలా లోతుగా, ఆడవాళ్ళ ఏడుపు వినిపించేది. మగవాళ్ళు పేకాట ఆడే ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఏడవడం మా వీధిలోనూ ఉన్నదే కాబట్టి, నాకు ఏ అనుమానమూ రాలేదు.

ఒకరోజు బడి తొందరగా వదిలేశారు. పలమనేరు చలికాలం, మధ్యాహ్నమైనా మంచు పూర్తిగా విడవలేదు. ఇంటి దగ్గరికి వచ్చేసరికి లోపల తుపాకులు పేలుతున్నాయి. నాయన ట్యాంకరు మీద పోయాడు కదా, ఎవరు చూస్తున్నారు? తలుపు తోశాను. టీవీ మీద దాని గుడ్డ కప్పే ఉంది, మా అమ్మ పూలు కుట్టిన తెల్ల గుడ్డ. గుడ్డ కింద సినిమా నడుస్తోంది. వెలుతురు ఆ పూల లోంచి కొట్టుకుంటోంది. అమ్మ టీవీ పక్కన నేల మీద కూర్చుని, పెట్టెకు చెవి ఆనించి, కళ్ళు మూసుకుని ఉంది.

"మా!" అన్నాను.

కళ్ళు తెరవకుండానే చెయ్యి ఎత్తింది. "సద్దు సేయబాక. అక్క ఏందో సెప్తా ఉండాది."

ఆ ఇంట్లో నేనూ అమ్మా తప్ప ఎవరూ లేరు. పుస్తకాల సంచీ అక్కడే పడేసి, పక్కింటికి పరిగెత్తి, నాయన వచ్చేదాకా ఆ గడప తొక్కలేదు. అమ్మ కూడా తర్వాత ఆ మాట ఎత్తలేదు, నేనూ అడగలేదు.

అసలు సంగతి తిరుపతిలో బయటపడింది. కాలేజీ హాస్టల్లో ఒక అమ్మాయి కంప్యూటర్లో అదే సినిమా దొరికింది. అబ్బో, నేను చేసిన హడావుడి! నలుగురినీ కూర్చోబెట్టి, ఒక్కొక్కడినీ నాయన పెట్టిన పేర్లతో పరిచయం చేశాను. గడప రాలేదు. సరే, కోసేసి ఉంటారనుకున్నాను. పేకాట దగ్గర ఏడుపు రాలేదు. చివరికి హీరో కూలబడ్డాడు, టోపీ దొర్లింది, ఏవో వయొలిన్లు మోగాయి.

"పలకలేవీ?" అన్నాను గట్టిగా.

వాళ్ళు పడీ పడీ నవ్వారు. కిందికి పోయి ఇంటికి ఫోన్ చేశాను. "నాయనా, ఈ సినిమాలో పలకల్లేవు. ఎవరూ ఏడవలేదు," అన్నాను. "అమ్మకిస్తా ఉండు," అన్నాడు నాయన.

అమ్మ చెప్పింది. అమ్మ పుట్టినిల్లు నగరి దగ్గర, మగ్గాల వీధిలో. తొలికాన్పుకు అక్కడికే పోయింది. నెలలు నిండేసరికి అమ్మమ్మకు జబ్బు ముదిరింది. అమ్మకు నొప్పులొచ్చి చిత్తూరు ఆసుపత్రిలో చేర్చిన రోజే ఇంట్లో అమ్మమ్మ పోయింది. కాన్పు మనిషి శవాన్ని చూడకూడదు, చావు మాట వినకూడదు. అందుకని అమ్మకు చెప్పలేదు. పురిటి నీళ్ళు పోశాక చెప్పారు. చిన్నకూతురు చివరి చూపుకు రాలేకపోయింది, తర్వాతైనా చూసుకుంటుందని పెద్దమామ వీడియో ఆయన్ను పిలిపించి చావంతా తీయించాడు. ఆ క్యాసెట్టు చీరల మధ్య పెట్టుకుని అమ్మ పలమనేరు వచ్చింది. చూసే ధైర్యం రాలేదు. అత్తగారేమో, "సావు క్యాసెట్టు ఇంట్లో పెట్టుకుంటారా? ఏట్లో పారేయండి," అని పోరు పెట్టింది. పారేయడం ఇష్టం లేక, ఉంచుకునే ధైర్యం లేక, "ఏదో ఒకటి సెయ్‌పో," అంది అమ్మ నాయనతో. నాయన దాని మీద గ్యాంగ్‌స్టర్ సినిమా ఎక్కించాడు.

బొమ్మ పోయింది. గొంతులు పోలేదు. అరిగిపోయిన పాత డెక్కు సరిగ్గా చెరపలేదు. మొదటిసారి సినిమా పెట్టుకున్నప్పుడే ఇద్దరికీ తెలిసిపోయింది. నాయన ఆపబోతే అమ్మే వద్దందట.

"ఎందుకు మా, ఆ ఏడుపు మళ్ళీ మళ్ళీ వినేది?" అన్నాను ఫోనులో.

"మా అమ్మకు తెలిసి పోయిందో, తెలియక పోయిందో. అదే నాకు కావాల్సింది," అంది అమ్మ.

ఏమిటి తెలియాల్సింది? అమ్మ బిడ్డను కన్నదని. అంతే. మంచంలో పడ్డ తల్లికి, కూతురు క్షేమంగా కని బయటపడిందన్న మాట చెవిన పడిందా లేదా? "మధ్యాన్నం నువ్వు కనినావు, కబురొచ్చింది, అమ్మ విని నవ్వింది, పొద్దు గూకినాక పోయింది" అని అందరూ చెప్పేవాళ్ళు. అందరూ అవే మాటలు, అదే వరసలో, బడిలో పద్యం ఒప్పజెప్పినట్టు. అమ్మ నమ్మలేదు. దగ్గరుండి చూసుకున్నది అమ్మ వాళ్ళ అక్క, మా పెద్దమ్మ. ఆమె "తెలుసులే" అని, వెంటనే ఏదో పని గుర్తొచ్చినట్టు లేచిపోయేది. శవం మీద పడి ఏడుస్తూ మాత్రం ఎవరూ కల్లలు చెప్పరని అమ్మ నమ్మకం. మా వైపు ఆడవాళ్ళు ఊరికే ఏడవరు, జరిగిందంతా పోయినవాళ్ళకు చెప్పుకుని ఏడుస్తారు. ఆ క్యాసెట్టులో ఏడుస్తున్నది పెద్దమ్మేనని అమ్మ పోల్చుకుంది. మాటలు మాత్రం ఒక్కటీ అందలేదు. ఒక మాట తెలిసేలోపల ఎవడో ఒకడు తుపాకీ కాల్చేవాడు. అప్పట్నుంచి నాకు ఆ సినిమా అంటే భయం, అది చూడకుండా ఉండలేకపోవడం కూడా అలాగే ఉండిపోయింది.

పోయిన ఏడాది పెద్దమ్మ పోయింది. కర్మలు అయిపోయి వచ్చేటప్పుడు బస్సులో అమ్మ, "ఇంగ అడిగేదానికి ఎవురుండారు?" అంది. నేను తిరుపతిలోనే ఉద్యోగం చేసుకుంటున్నాను. ఆ క్యాసెట్టు తీసుకుపోయి, పాత పెళ్ళి క్యాసెట్లు కంప్యూటర్లోకి ఎక్కించే ఒక స్టూడియోలో ఇచ్చాను. అసలు సినిమా కూడా తెచ్చిచ్చి, దీంట్లోంచి దాన్ని తీసేస్తే ఏం మిగులుతుందో చూడమన్నాను. ఇప్పుడు అలాంటి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయట. స్టూడియో ఆయన చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి తీసి బల్ల మీద పెట్టాడు.

"మేడం, ఈ సినిమా లోపల ఇంగో ఇల్లుండాది మేడం," అన్నాడు.

నేను ఆ హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. తుపాకులు లేవు. కార్లు లేవు. నిశ్శబ్దం కూడా ఒక ఇంటి నిశ్శబ్దంలా ఉంది. మగ్గాల వీధిలో మగ్గాల చప్పుడు లేదు, చావు కదా, ఆపేసి ఉంటారు. ఎవరో దగ్గారు. ఎవరో చెంబు కింద పెట్టారు. తర్వాత పెద్దమ్మ గొంతు, ఇప్పటి నా వయసు కంటే చిన్న గొంతు, నా చెవిలోనే ఏడ్చింది. పూర్తిగా విన్నాను. ఆ ముక్కను నా ఫోనులో వేయించుకుని లేచాను.

ఆదివారం పలమనేరు పోయాను. విషయం నాయనకు ముందుగా చెప్పాను. "ఇనిపించబాక అమ్మణ్ణీ. ఉండే కాస్త నెమ్మది కూడా పోగొట్టుకుంటాది," అన్నాడు. నాకూ ఆ భయమే. కానీ అమ్మ మా ఇద్దరి మొహాలూ చూసింది. వచ్చి మంచం మీద కూర్చుని, చెవి మీది వెంట్రుకలు వెనక్కి తోసుకుని, "పెట్టు," అంది. ఫోను ఆమె చెవి దగ్గర పెట్టాను.

"కండ్లు తెరిసి అడిగితివే నా తల్లో, సిన్నది కనిందా అని అడిగితివే... కనింది తల్లో, ఆడబిడ్డ తల్లో, అచ్చం నీ మొగమే తల్లో అని నోటికొచ్చింది సెప్తినే... నవ్వి కండ్లు మూస్తివే... ఇంగా కనల్యా తల్లో, అది ఇంగా నొప్పులు పడతానే ఉండాది తల్లో, అబద్ధం సెప్పి సేతులారా పంపిస్తినే నా తల్లో..."

పలమనేరు ఎండ కిటికీలో ఉంది, రోడ్డు మీద లారీలు పోతున్నాయి, నాకు మాత్రం చలి. అమ్మమ్మ పోయింది పొద్దు గూకినాక కాదు, మధ్యాహ్నానికి ముందే; ఆ మాటలు అన్నప్పటికి నేను ఇంకా పుట్టలేదు. ఆడో మగో కూడా ఎవరికీ తెలియదు. పుట్టని నన్ను పుట్టిందని చెప్పి, మొహం కూడా అంటించి, ఒక మనిషిని సాగనంపారు. ఆ తర్వాతే నేను, వాళ్ళు చెప్పినట్టే, ఆ మొహంతోనే వచ్చాను. అమ్మమ్మ పోలికని చిన్నప్పటి నుంచి ఎవరెవరు అన్నారో వాళ్ళందరూ గుర్తొచ్చి భయమేసింది.

అమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నన్ను కొత్తగా చూసినట్టు చాలాసేపు చూసింది. నా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"అయితే మా అమ్మకు తెలుసు," అంది. "నాకంటే ముందే తెలుసు."

తర్వాత లేచి మొహం కడుక్కుని వచ్చి, "ఏమయ్యా, ఆ సినిమా పెట్టు," అంది నాయనతో. "తుపాకులతోనే పెట్టు. అవి లేకుంటే మా అమ్మోళ్ళ ఇల్లు మాదిరి లేదు నాకు."

కంప్యూటర్లోకి ఎక్కించిన ఆ పాత కాపీ పెట్టాను. ముగ్గురం వరసగా కూర్చున్నాం, మొదటిసారి. గడప, దీపం, పాదాలు, గీతలు, బాకాలు. బట్టతలోడు వచ్చాడు, పూల చొక్కా వచ్చాడు. నాయన ఈసారి ఒక్క మాటా చెప్పలేదు. పెద్దాయన మనుషులు పేకాటకు కూర్చున్నారు. వాళ్ళ మాటల అడుగున ఏడుపు మొదలైంది. ఇప్పుడు మాకు ప్రతి మాటా తెలుస్తోంది. "కనిందా అని అడిగితివే" అన్న చోట, అమ్మ, పక్క గదిలోంచి ఎవరో పిలిస్తే పలికినట్టు, తెర వైపు తల తిప్పింది.

"కనినానుమ్మా," అంది. "ఆడబిడ్డే."