చూరు దోనెలో మామిడి తాండ్ర

ఒక ఏడాది మా ఇంటి చూరు నుంచి మామిడిపండ్ల రసం వరదలా పారింది. ఆ వరదకు కారణం దేవుడు కాదు, నేను. అప్పటికి నాకు అరవై దాటాయి కాబట్టి చిన్నతనం అని సరిపెట్టుకోవడానికి కూడా లేదు. నవ్వదలచినవారు ఇప్పుడే కాళ్ళు చాపుకొని కూర్చోండి. జాలిపడదలచినవారు మా పక్కింటి అప్పలనరసమ్మ మీద పడండి, నా మీద వద్దు.

మాది కొత్తవలస దగ్గర ఊరు. మాదీ పెంకుటిల్లే, అప్పలనరసమ్మదీ పెంకుటిల్లే. మధ్యలో ఒక సందు. అందులో ఇద్దరు ఎదురైతే ఒకరు వెనక్కి నడవాల్సిందే. మా చూరు నీళ్ళు ఆ సందులో పడి, చిమ్మి, ఆవిడ మట్టిగోడ అడుగును ఏటేటా నాకేసేవి. ఆ గోడకు అవతలి గదిలోనే ఆవిడ విత్తనం ధాన్యం బస్తాలు పెట్టుకునేది. మొగుడు పోయాక ఒక్కతే సేద్యం చేస్తున్న మనిషి. గోడ కరిగి విత్తనం తడిస్తే ఆ ఏడు ఆవిడ పొలం బీడే. అందుకని వాన పడ్డప్పుడల్లా గుమ్మంలో నిలబడి నన్ను తిట్టేది. వాన తగ్గాక గిన్నెతో ఉలవచారు పంపేది. అలాంటి మనిషి.

మా అబ్బాయి దావీదు విజయనగరంలో ఆటో నడుపుతాడు. ఒక వేసవిలో వాడికి బుద్ధి పుట్టింది.

"అమ్మా, సూరుకి దోనె ఎట్టించీదాం. నీళ్ళన్నీ అందులో పడి ఈధి కాలవలోకి పోతాయి. నర్సమ్మత్త గోడ బతుకుతాది."

దోనె అంటే మరేమీ కాదు, నిలువునా సగానికి చీల్చిన గొట్టం లాంటిది, పెంకుల అంచు కింద వేలాడుతుంది. సరే పదమన్నాను. వాడి వెంట నేనూ దుకాణానికి వెళ్ళాను. వాడొక్కడే వెళితే చెప్పిన ధరకే కొనుక్కొచ్చే రకం.

దుకాణదారు రేకు దోనె, ప్లాస్టిక్ దోనె రెండూ చూపించాడు. "రేకు తుప్పట్టిపోతాదమ్మా, ప్లాస్టిక్ అట్టుకెళ్ళు" అన్నాడు. గోటితో గీకి, వేలితో మీటి, వాసన చూసి, ప్లాస్టిక్ ఖాయం చేశాను.

"దీన్ని బిగించడానికి సూరు అంచున మంచి సెక్క కావాలి. బరువంతా దానిమీదే."

"ఇంట్లో పాత మంచం పట్టె ఉన్నాది."

"క్లిప్పులు మూరకొకటి పడాలి."

"బారకొకటి సాలు."

"ఆగదమ్మా."

"వాన నీళ్ళకి బరువేటి బాబూ, వచ్చినవి వచ్చినట్టు పోతాయి."

ఆ మాటన్నది నేనే. పక్కన దావీదు ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డాడు, నేనెవరో తెలియనట్టు.

దోనె బిగించారు. నీళ్ళు వీధివైపు జారేలా ఆ చివర కాస్త వాల్చారు. మంచం పట్టె మీద తెల్లటి దోనె, ముసలి పెళ్ళికూతురి నుదుట కొత్త బాసికంలా మెరిసిపోయింది. అప్పలనరసమ్మ సందులోకి వచ్చి, తలెత్తి, ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది.

"సల్లగుండు వదినా. ఈ ఏడు నిన్ను తిట్టే పని నేదు నాకు" అంది. ఆ గొంతులో కాస్త వెలితి కూడా వినిపించింది.

అక్కడితో ఆగి ఉంటే ఇది రాసే పనే ఉండేది కాదు.

మా పెరట్లో పీచుమామిడి ఆ ఏడు విరగకాసింది. పళ్ళు పిండి రసం తీసి, బెల్లం కలిపి, చాప మీద పోసి ఎండబెట్టడం, మర్నాడు దానిమీద మరో పొర పోయడం, ఇదీ తాండ్ర పని. చాప నేలమీద వేస్తే కోళ్ళు నడిచాయి. అరుగుమీద వేస్తే మేక నాకింది. నేను కర్ర పట్టుకొని కూర్చుంటే కాకులు నా తలమీదే వాలేలా ఉన్నాయి. విసిగిపోయి పైకి చూశాను.

దోనె కనిపించింది. నున్నగా, తెల్లగా, ఇంటి పొడవునా చాపుకొని, మిట్టమధ్యాహ్నపు ఎండను ఒళ్ళంతా పూసుకొని, ఖాళీగా. ఖాళీగా పడి ఉన్న వస్తువును చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

బల్ల వేసుకొని ఎక్కాను. నీళ్ళు దిగే కంతలో గుడ్డపీలిక కుక్కాను. చీమలు రాకుండా రెండు చివరలా వేపాకు కట్టాను. మా కోడలు సుగుణ బిందెతో వస్తూ చూసి ఆగిపోయింది.

"అత్తా, ఏటి సేస్తన్నావు?"

"తాండ్ర పోస్తన్నాను."

"అది నీళ్ళు పోడానికి ఎట్టింది కదేటి?"

"ఇప్పుడు నీళ్ళేవీ? నువ్వు సూపించు."

పాపం, మే నెలలో ఎక్కణ్ణుంచి చూపిస్తుంది? బిందె దింపి, నేను పడిపోకుండా బల్ల పట్టుకుంది. తప్పని చెప్పి కూడా సాయంపట్టే కోడలు ఎంతమందికి దొరుకుతుంది?

రోజూ ఒక పొర. దోనె నిండుతున్నకొద్దీ నా గుండె నిండింది. దోనె నడుం మాత్రం కాస్త కాస్త కిందికి దిగుతోంది. క్లిప్పు క్లిప్పుకీ మధ్య చూడి గేదె పొట్టలా వేలాడుతోంది. పనిలో పడ్డాక ఏ వస్తువైనా కాస్త వంగుతుందిలే అనుకున్నాను. ఇంకొన్నాళ్ళు ఎండ కాయమని నేను ప్రార్థన చేస్తుంటే, గోడ అవతల అప్పలనరసమ్మ నారు పోయడానికి వాన కురవమని అమ్మవారికి మొక్కుకుంటోంది. పైన ఎవరి మాట చెల్లిందో మీకు చెప్పక్కర్లేదు.

ఒక మధ్యాహ్నం చర్చిలో స్త్రీల కూడిక. దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమంటే లేచి నిలబడ్డాను. మా ఇంటికి దోనె ఎలా వచ్చిందో, ఏళ్ళనాటి పోరు ఎలా చల్లారిందో, మా పక్కింటి గోడకు ఇక ఏ భయమూ ఎలా లేదో, ఒక్కొక్కటే చెబుతున్నాను. బయట ఉరిమింది.

"సూసినారా," అన్నాను, "ఇప్పుడు ఉరిమినా నా గుండె అదరదు."

పెంకులమీద టపటపమని చినుకులు పడ్డాయి. నేను చెయ్యెత్తి, "ఆ దోనెలో ఇప్పుడు..." అని ఆగిపోయాను. ఆ దోనెలో ఇప్పుడు ఏముందో అందరికంటే నాకే బాగా తెలుసు. ఆమెన్ కూడా చెప్పకుండా, ఎత్తిన చెయ్యి దించకుండానే పరుగెత్తాను.

సందులోకి వచ్చేసరికి అప్పలనరసమ్మ మా బల్ల మీద నిలబడి, అట్లకాడతో దోనె గీకుతోంది. తల నుంచి మోచేతుల దాకా పసుపుపచ్చ. పెంకుల మీది నీళ్ళు తాండ్రమీద జర్రున జారి, దోనె అంచు దాటి, ఎగిరి సూటిగా ఆవిడ గోడను కొడుతున్నాయి. దోనె లేనప్పుడు గోడ అడుగు మాత్రమే తడిసేది. ఇప్పుడు గురిచూసి నడుం మీద కొట్టే ఏర్పాటు నా చేతులతో నేనే చేశాను. అప్పటికే చేటంత పెచ్చు ఊడి, కంత పడి, లోపలి బస్తాలు కనిపిస్తున్నాయి.

"వదినా, ఏటిది?" అంది.

"తాండ్ర."

"దోనెలోనా?"

"దోనెలోనే."

"నా కోళ్ళు గోడ పొడుస్తంటే ఎందుకా అనుకున్నాను." అట్లకాడ విసిరేసింది. "ఇది గీకితే రాదు. పీకీమంటావా?"

అప్పుడు నా నోటినుంచి వచ్చిన మాట తలచుకుంటే ఇప్పటికీ చెవులు కాలతాయి.

"ఆగు వదినా, అడుగు పొరలు ఇంకా బాగానే ఉన్నాయి."

ఆవిడ తిట్టలేదు. నావైపు ఒకసారి, గోడ కంతలోంచి విత్తనం బస్తాల వైపు ఒకసారి చూసింది, అంతే. తిట్టినా బాగుండేది. నేను కొంగు దోపుకొని, ఎగిరి దోనెకు వేలాడాను. ఆవిడ రెండో పక్క వేలాడింది. క్లిప్పులు ఎలాగూ నేను బేరమాడినవే, పటపటమని ఊడిపోయాయి. దోనె, తాండ్ర, మంచం పట్టె, మేమిద్దరం కలిసికట్టుగా సందులో పడ్డాం. నా ఒళ్ళో పడ్డ తాండ్ర గేదెదూడ బరువుంది.

లేచి, సుగుణను కేకేసి, ముగ్గురం బస్తాలన్నీ మా వసారాలోకి మోశాం. తడిసింది ఒక్కటే. దాని ముందు తల దించుకొని కూర్చున్నాను. ఊరి పెద్దల్ని పిలుస్తుందా, నష్టం కట్టమంటుందా అని నేను చూస్తుంటే, అప్పలనరసమ్మ బస్తాలో చెయ్యి పెట్టి గింజలు నలిపి చూసింది.

"బాగానే నానినాయి. వాన పడింది కదా, రేపు ఎలాగూ నానబెట్టాల. నా పని నువ్వు సేసీసినావు వదినా."

ఆ మాటకు నేను ఏడ్చాను. ముఖమంతా మామిడి రసమే కాబట్టి ఎవరికీ తెలియలేదు. తెల్లారి గోడ పెచ్చు పూడ్చడానికి మట్టి తొక్కాను, మోకాళ్ళు వద్దన్నా వినలేదు. ఆవిడ నారు ఆ ఏడు పచ్చగా లేచింది. ఆ నారుమడిని చూసినప్పుడల్లా మనసులో స్తోత్రం చెప్పుకున్నాను. ఆ చర్చిలో సగంలో ఆగిన నా సాక్ష్యం కన్నా అది నిజమైనది.

దావీదు కొత్త చూరు చెక్క కొట్టించి, రంగు వేయించి, మూరకో క్లిప్పు పెట్టించాడు. ఈసారి నన్ను దుకాణానికి తీసుకెళ్ళలేదు. ఏటా తొలకరికి ముందు దోనె శుభ్రం చేసే పని అప్పలనరసమ్మ తనే తీసుకుంది. బల్లెక్కి, చేత్తో తడిమి, గుప్పెడు ఎండుటాకులు తీసి చూసి, కింద ఉన్న నా వైపు చూస్తుంది.

"ఆకులేనేటి వదినా? ఈ ఏడు ఏటీ వండనేదా?"

కనుక పాఠకులారా, చూరు సాక్షిగా, పెంకులమీద చెయ్యి వేసి చెబుతున్నాను. నా ఒంట్లో ఊపిరి ఉన్నంతకాలం ఆ దోనెలో వాన నీళ్ళు తప్ప మరో పదార్థం పోయను. తాండ్ర పోయను, వడియాలు పెట్టను, చింతపండు ఆరబెట్టను. ఊరుమిరపకాయలు ఎండబెట్టనని మాత్రం సుగుణ నాచేత రెండుసార్లు ఒట్టు వేయించుకుంది.