తొవ్వలో ఎవరెవరు ఎదురయ్యారు

మా అత్తమ్మ పోయిందన్న కబురు ఎల్లారెడ్డి నుంచి వచ్చే మొదటి బస్సుతో వచ్చింది. కామారెడ్డి స్టేషనుకు పోవలసిన బస్సును డ్రైవరు మా ఇంటి ముందు ఆపి, దిగి, టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. అది చూడగానే నాకు అర్థమైపోయింది.

“అమ్మా, పెద్దవ్వ తెల్లారంగనే పోయింది. ఎండలు గిట్ల గొడుతున్నయి, పొద్దు నెత్తిమీదికి రాకముందే ఎత్తుతరట. జల్ది పోండ్రి” అన్నాడు.

మావారు కొద్దిరోజులుగా ఆమె దగ్గరే ఉన్నారు. నేనూ మా పెద్దబ్బాయీ ఇక్కడ కామారెడ్డి ఇంట్లో ఉండిపోయాం. యుద్ధం మొదలైనప్పటి నుంచి పెట్రోలు దొరకక మోటారు కొట్టంలోనే పడి ఉంది. ఆపదకని దాచిన డబ్బా ఒకటి ఉంటే అబ్బాయి దాన్ని పోశాడు. ఎత్తకముందే చేరుకోవాలి, ఆమె పాదాల మీద ఒక్కసారి తల పెట్టాలి. నాకు కావలసింది అంతే. బతికి ఉండగా చెయ్యవలసిన పని అది. చెయ్యలేకపోయాను.

అత్తమ్మ మోటారు ఎక్కిన మనిషి కాదు. ఎడ్లబండిలో పోయినా తొవ్వంతా కనపడేటట్టు కూర్చుని, ఎదురైన ప్రతివాళ్లనూ పలకరించేది. నేను మాచారెడ్డి నుంచి కోడలిగా వస్తున్ననాడు ఆమె పలకరింపులకే పొద్దు గూకి, మా బండి చీకట్లో ఇల్లు చేరింది. దీపం పట్టుకొని నిలబడ్డ ముత్తైదువలు ఆమెను చూసి ఒకటే నవ్వడం.

మా ఇంట్లో మగపిల్లవాడు బండి తోలడం నేర్చుకోవాలంటే ఒక పంటకాలమంతా ఎడ్ల ముందు నడవాలి. పగ్గాలు పెద్దవాళ్ల చేతిలో ఉంటాయి. పిల్లవాడు కాడికి దగ్గరగా నడుస్తూ, గుంతలు చూసి చెబుతూ, ఎదురొచ్చేవాళ్లను పక్కకు తప్పుకొమ్మంటూ పోవాలి. ఆ తర్వాతే పగ్గాలు ఇచ్చేవారు. పటేలు కొడుకైనా జీతగాని కొడుకైనా అత్తమ్మకు ఒకటే పద్ధతి. మావారు కూడా అట్లా నడిచినవారే.

యుద్ధానికి కొంచెం ముందు మావారు హైదరాబాదులో ఒక కంట్రాక్టరు దగ్గర పాత మోటారు కొన్నారు. తోలడానికి ఒక డ్రైవరును పెట్టారు. అబ్బాయికి అప్పుడప్పుడే మీసం మొలుస్తోంది. డ్రైవరు సాబు వాణ్ని బీడు పొలంలోకి తీసుకుపోయి నాలుగు చుట్లు తిప్పించాడు. దాంతో వాడికి మోటారు నడపడం వచ్చేసిందనుకున్నాం. నేనైతే భజనకు వచ్చిన ఆడవాళ్లందరికీ చెప్పుకున్నాను.

ఆ ఎండాకాలమే అబ్బాయిని చూసుకోవడానికి బిచ్కుంద వైపు నుంచి పెళ్లివారు ఎల్లారెడ్డి వచ్చారు. వాళ్లను ఎక్కించుకొని ఊరంతా తిప్పి తెస్తానని వాడు స్టీరింగు ముందు కూర్చున్నాడు. మోటారు వాకిలి దాటిందో లేదో, అత్తమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది. ఎద్దు ముకుతాడు పట్టుకున్నట్టు మోటారు ముందరి దీపాన్ని పట్టుకుంది.

“దిగు కొడుకా.”

“అవ్వా, పక్కకు జరుగు. ఇదేమన్న ఎద్దా, పట్టుకోనీకి?”

“ఎద్దయితే నేనెందుకొస్త? ఎద్దుకు కండ్లుంటయి. నువ్వు కునుకు తీసినా అది మనిషిని చూసి ఆగుతది. దీనికేమున్నయి? దీపాలు. చూసుడంత నువ్వే చూడాలె. నీకు చూసుడు ఎవలు నేర్పిన్రు?”

“నాకు తోలుడు వస్తది!”

“బీట్ల తిప్పుడు వస్తది. బీట్ల నీకు ఎదురొచ్చిందెవలు, కాకులా?”

డ్రైవరు సాబు నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆమె డ్రైవరు వైపు తిరిగింది.

“నువ్వెందుకు నవ్వుతవు? నువ్వు తోలు, మెల్లగ తోలు. వీడు ముంగట నడుస్తడు.”

“గిట్లయితే మోటారుకు గడ్డి గూడ వేయమంటవేమో పెద్దవ్వా” అన్నాడు డ్రైవరు.

పెళ్లివారి ఆడవాళ్లు పగలబడి నవ్వారు. వాళ్లలో పెద్దావిడ నా వైపు వంగి, “మోటారు ముంగట నడువనీకి గూడ మనిషిని పెట్టుకున్నరా వదినె? మంచిగున్నది” అంది. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. అత్తమ్మ దగ్గరికి పోయి మెల్లగా అన్నాను.

“నలుగుట్ల పరువు పోతున్నది అత్తమ్మా. ఇయ్యాలటికి ఊకో.”

“పరువు మనదే గద బిడ్డా, పోతే పోనీ. తొవ్వ మీద ఆడుకునే పోరగాండ్లు మనోళ్లు గారు. ఆళ్లను వాపస్ ఎట్ల తెస్తవు?”

వాడు దిగాడు. చెవులు ఎర్రబడగా బజారు నడుమ నుంచి నడిచాడు. వెనక మోటారు, అందులో నోటికి కొంగులు అడ్డం పెట్టుకొని పెళ్లివారు. ఆ సంబంధం మళ్లీ కదలలేదు. వాళ్లు చెప్పిన కారణం వేరే. నేను మాత్రం దాన్ని అత్తమ్మ మీదే వేశాను. అప్పటినుంచి ఎవరైనా కొత్తవాళ్లు వస్తున్నారంటే, “నీకు నడుము నొస్తది గద అత్తమ్మా, పోయి పండుకో” అనేదాన్ని. ఆమెకు నడుము నొప్పి లేదు. ఎందుకు పొమ్మంటున్నానో తెలిసీ, తాంబూలం పెట్టె తీసుకొని వెనక వసారాలోకి పోయేది.

అయినా అబ్బాయి విషయంలో మాత్రం పట్టు వదలలేదు. ఆ వానకాలమంతా వాడు డ్రైవరు పక్కన కూర్చోవాలి, స్టీరింగు ముట్టకూడదు. ఊరు వస్తే దిగి ముందు నడవాలి. పొద్దుగూకి ఇల్లు చేరగానే ఎంత దూరం పోయారనో, ఎంత వేగం పోయారనో ఆమె అడిగేది కాదు.

“ఇయ్యాల తొవ్వల ఎవలెవలు ఎదురైన్రు?” అనేది.

“ఎవ్వరు లేరవ్వా” అన్నాడు వాడు మొదటిరోజు.

“కామారెడ్డి దాక ఎవ్వరు లేరా? ఊర్లన్ని ఖాళీ అయినయా?”

బయట చక్రాలు కడుగుతున్న డ్రైవరు, “ఓ పెద్ద గొర్లమంద ఎదురైంది పెద్దవ్వా, చిన్న దొరకు కానరాలె!” అని అరిచాడు.

పోను పోను వాడు చెప్పడం మొదలుపెట్టాడు. పచ్చిగడ్డి మోపుతో తల తిప్పలేని ఆడమనిషి. తొవ్వకు అవతల తల్లిని చూసిన దూడ. హారను కొట్టినా జరగని ముసలాయన. “ఆయనకు కుడిచెవు ఇనవడదు కొడుకా, ఎడమదిక్కుకెల్లి పిలువు” అనేది అత్తమ్మ. దేవుడి గది ముందు దీపం పెడుతూ నేను ఇదంతా వినేదాన్ని. చిన్నపిల్లల ఆట అనుకునేదాన్ని. వానలు వెనకబట్టాక ఆమే వాణ్ని పిలిచి, ఇక తోలుకొమ్మంది.

ఆమె పోయిననాడు ఆ పిల్లవాడే నన్ను తీసుకుపోతున్నాడు. పొద్దు పైకి లేస్తోంది. నేను నామం చెప్పుకుంటూనే మాటిమాటికీ “ఇంకింత జల్ది పో బిడ్డా” అంటున్నాను. లింగంపేట దగ్గర అంగడి. బండ్లు, తట్టలు, చంకలో పిల్లలు. వాడు నడక వేగంతో ఆ జనం వెనకే పోయాడు. తొవ్వ నడుమ పోతున్న వాళ్ల మీద నాకు కోపం వస్తోంది. నోట్లో రామనామం, మనసులో ఆ కోపం.

అంగడి దాటాక ఒక మేకపిల్ల తొవ్వకు అడ్డంగా దూకి అవతలికి పోయింది. వాడు మోటారును పూర్తిగా ఆపేశాడు.

“అది పోయింది గదరా! ఇంకెందుకు ఆగుతవు? ఆడ ఎత్తుతున్నరేమో!”

“దాని మెడల తాడున్నదమ్మా. ఎనుక ఎవలో ఉంటరు.”

అంటుండగానే తంగేడు పొదల్లోంచి ఒక పిల్ల ఉరికి వచ్చింది. ఏడెనిమిదేళ్లు ఉంటాయేమో. మేము కదిలి ఉంటే సరిగ్గా చక్రాల కిందికే. “ఆగవే, నీ కాళ్లిరగ!” అని మేకను తిట్టుకుంటూ మా ముందు నుంచే దాటిపోయింది. నా నోట్లో నామం ఆగిపోయింది. ఎల్లారెడ్డి దాకా నేను మళ్లీ తొందరపెట్టలేదు.

మేము చేరేసరికి వాకిలి కడిగేశారు. నీళ్లు ఇంకా ఆరలేదు. “ఇప్పుడే పోయిన్రు పెద్దమ్మా, కండ్లార చూడకపోతివి” అని ఆడవాళ్లు నన్ను పట్టుకొని ఏడ్చారు. అబ్బాయి నా ముఖం వైపు చూడలేక పాడె పోయిన దిక్కుకు పరుగెత్తాడు. వాడు చేసిన తప్పేమీ లేదని అప్పుడు చెప్పలేదు. తర్వాత చెప్పాను.

ఇది చదివేవాళ్ల ఇండ్లల్లోనూ మీసాలు మొలిచే పిల్లలు ఉంటారు. ఇవ్వాళ కాకపోతే రేపు మోటార్లు వస్తాయి. పిల్లవాడు స్టీరింగు పట్టుకుంటే తల్లికి ఎంత గర్వంగా ఉంటుందో నాకు తెలుసు. అందుకే సిగ్గు విడిచి రాస్తున్నాను. తిప్పడం వచ్చింది గదా అని ఇచ్చెయ్యకండి. ఒక కాలమంతా పక్కన కూర్చోబెట్టి, తొవ్వను చూడటం నేర్పించి ఇవ్వండి. నలుగురు నవ్వితే నవ్వనీయండి.

రోజూ పూజలో కళ్లు మూసుకొని అత్తమ్మ ముఖం తెచ్చుకోవాలని చూస్తాను. రాదు. ఆ పిల్లే వస్తుంది. మేకపిల్లను దొరకబుచ్చుకొని, చంకలో ఇరికించుకొని, దాని చెవి మెలిపెడుతూ, మా వైపు ఒక్కసారైనా చూడకుండా జొన్నచెలకలోకి దిగిపోతుంది.