రేపటి గాలి చెప్పిన మా టీచరమ్మ

మా టీచరమ్మ పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను సూరత్‌లోని అడాజన్‌లో బస్సు కోసం నిలబడి ఉన్నాను. చేసింది ఆమె కూతురు. "అమ్మ పోయిందక్కా. పొద్దున చాయ్ ఇద్దమని లేపితె లేవలే" అన్నది. హోలీ దాటి ఎన్నో రోజులు కాలేదు, అప్పుడే ఎండ నెత్తి మీద కూర్చుంది. బస్సు వచ్చింది, ఎక్కలేదు. ఇంకొకటి వచ్చింది, అదీ ఎక్కలేదు. చివరికి ఆటో మాట్లాడుకుని బమ్రోలిలో ఆమె ఇంటికి వెళ్లాను.

అక్కడ వాకిట్లో కూర్చున్నవాళ్లందరిదీ ఒకటే పాట. "టీచరమ్మ చెప్పిందంటె చెప్పినట్టె. గాలి గూడ ఆమె మాట ఇంటుండె." పోయినవాళ్ల గురించి నాలుగు మంచి మాటలు చెప్పుకోవడం న్యాయమే. కానీ నాకు ఒళ్లు మండింది. మా టీచరమ్మ చెప్పిన వాతావరణం బోలెడుసార్లు తప్పింది. ఆ సంగతి బాగా తెలిసినవాళ్లే ఆమెను దేవతను చేసి కూర్చోబెడుతుంటే, ఆమె పడ్డ నరకమంతా ఉత్తిదే అయిపోయినట్టు అనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమె మా తెలుగు మీడియం బడిలో సాంఘిక శాస్త్రం చెప్పేవారు. మాలాగే తెలంగాణ నుంచి బతకడానికి సూరత్ వచ్చిన కుటుంబం. మేమంతా సాంచాలు నడిపేవాళ్ల పిల్లలం. సాంచా అంటే కరెంటు మగ్గం. హోలీ వెళ్లిందంటే చాలు, ఆఖరి పీరియడ్‌లో పాఠం ఆపేసి, గుజరాతీ పేపర్లో చదివిందీ రేడియోలో విన్నదీ మా మాటల్లోకి మార్చి చెప్పేవారు. "రేపు తూర్పు గాలి కొడ్తదంట. సముద్రం గాలి ఆలస్యమైతదంట. ఇంటికి పోంగనె మీ బాపులకు చెప్పుర్రి." దాన్ని ఎక్కాల్లా అప్పజెప్పించుకుని గానీ వదిలేవారు కాదు. మర్నాడు మళ్లీ విచారణ. "బాపు పండుకున్నడు టీచర్" అన్నామో, "లేపి చెప్పరాదా? నోరు లేదా?" అని కసిరేవారు.

గాలి గురించి పిల్లలకు ఇంత హడావుడి ఎందుకంటారేమో. వేసవి మొదట్లో సూరత్ మీద పొద్దున్నుంచీ లోపలి నేల వైపు నుంచి పొడిగాలి వేడిగా కొడుతుంది. మధ్యాహ్నానికి సముద్రం వైపు నుంచి గాలి తిరిగితే బతికిపోతాం. తిరగలేదా, పొయ్యి ముందు కూర్చున్నట్టే. పైగా సాంచాల కార్ఖానాలో గాలి అంటే తలుపులు మూయడమే. గాలికి సన్నటి పోగులు ఎగిరి చిక్కుపడతాయి, తెగుతాయి, బట్ట మీద దుమ్ము పడుతుంది. కార్ఖానా యజమాని సేట్ కిటికీలు మూయించి, ఫ్యాన్లు కూడా ఆపించేవాడు. రేకుల కింద మనుషులు ఉడికిపోయేవారు.

అయితే ఈ కబురు విన్నవాడు ఏం చేయాలి? పనికి పోకపోతే ఆ రోజు కూలి ఉండదు, సేట్‌కు కోపం వస్తే సాంచాలు ఇంకొకడికి ఇచ్చేస్తాడు. పోతే ప్రాణం మీదికి రావచ్చు. టీచరమ్మకు ఈ రెండూ తెలుసు. అందుకే చెప్పిన మర్నాడు ఆమె మనిషిలా ఉండేవారు కాదు. పాఠం మధ్యలో ఆగిపోయి, ఎదురు డాబా మీద ఆరేసిన చీరలు ఎటు ఎగురుతున్నాయా అని కిటికీలోంచి చూసేవారు. "తర్వాత ఏంది టీచర్?" అని మేం అడిగితే ఉలిక్కిపడేవారు.

నేను ఏడో తరగతిలో ఉండగా ఒకరోజు నన్ను దగ్గరికి పిలిచి మరీ చెప్పారు. "రేపు శానా కష్టముంటదంట. బాపును పోవద్దను. జర గట్టిగ చెప్పు బిడ్డా." నేను ఏడ్చి గోల చేసి బాపును ఆపాను. మర్నాడు పొద్దెక్కకముందే సముద్రం గాలి వచ్చేసింది. అంత చల్లటి రోజు ఆ వేసవిలో మళ్లీ రాలేదు. ఆ రోజే సేట్ బాపు సాంచాలను వేరేవాడికి అప్పజెప్పాడు.

బాపు నేరుగా బడికి వచ్చాడు. తరగతి గుమ్మంలో నిలబడి అరిచాడు. "ఏంది టీచరమ్మా గిది? గాలి అంటివి, మంట అంటివి, ఏది? వస్తదో రాదో ఎర్కలేనప్పుడు ఎందుకు చెప్తవు? నా పొట్ట మీద కొట్టినవు గదా!" నాకు బల్ల కింద దూరిపోవాలనిపించింది. టీచరమ్మ కొంగు చేతికి చుట్టుకుంటూ "తప్పయింది అన్నా" అన్నారు.

ఆ రోజుతో ఆమె గాలి మాట ఎత్తడం మానేశారు. గంట కొట్టేదాకా పాఠమే. బాపు పాండేసరలో ఇంకో కార్ఖానాలో కుదిరాడు. ఎండలు ముదిరాయి. ఒక సాయంత్రం నేనే ఉండబట్టలేక "రేపెట్లుంటది టీచర్?" అని అడిగాను. "నాకేమెర్క బిడ్డా" అన్నారు, నా మొహం చూడకుండా.

మర్నాడు బాపును కార్ఖానా నుంచి ఇద్దరు మోసుకొచ్చారు. మూసిన తలుపుల మధ్య సాంచా పక్కనే కూలిపోయాడట. ఒళ్లు నిప్పులా కాలుతోంది, మమ్మల్ని గుర్తుపట్టడం లేదు. ఆస్పత్రిలో మాట తిరిగి వచ్చేదాకా మా అమ్మ పచ్చి నీళ్లు కూడా ముట్టలేదు.

టీచరమ్మ వచ్చారు. స్టూలు జరిపితే కూర్చోలేదు, గోడకు ఆనుకుని నిలబడ్డారు. "పేపర్ల రాసిన్రు అన్నా. చదివిన. బిడ్డ అడిగితె గూడ చెప్పలే. మల్ల తప్పైతదేమోనని భయమయింది" అంటూ వెక్కి వెక్కి ఏడ్చారు. అంత పెద్దామె అలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. బాపు సెలైన్ పెట్టిన చెయ్యి కొద్దిగా ఎత్తాడు. కోప్పడతాడేమో అనుకున్నాను. "ఇంక మీద చెప్పు టీచరమ్మా. తప్పైనా చెప్పు. మేం తిట్టుకుంట ఇంటం" అన్నాడు.

అప్పటి నుంచి ఈ హోలీ దాకా ఆమె చెబుతూనే వచ్చారు. రిటైరయ్యాక గల్లీ వాళ్ల ఫోన్లకు ఆ కబురు తన గొంతుతో పంపేవారు. ముందు దగ్గు, తర్వాత గాలి, చివర్లో "ఎవలన్న ఇనకుంటె పక్కోళ్లు చెప్పుర్రి". మనవాళ్లు మాట నిలబెట్టుకున్నారు, శుభ్రంగా తిట్టారు. "ముసలామెకు పనిలేదు" అన్నవాళ్లున్నారు. "నీ గాలి నిన్న హజీరా సముద్రం కాడ్నె ఆగిపోయిందా టీచరమ్మా?" అని ఎగతాళి చేసినవాళ్లున్నారు. నేను కోపం తెచ్చుకుంటే ఆమె నవ్వేవారు. "తిడ్తున్నరంటె బతికున్నట్టె గదా బిడ్డా." నవ్వేవారే గానీ, డాబాల మీద ఆరేసిన చీరల వైపు చూడటం మాత్రం మానలేదు. చల్లగా ఉన్న రోజు కూడా ఆమె తీరిగ్గా అన్నం తినడం నేను చూడలేదు. ఆమెకు నేను ఎంత రుణపడ్డానో ఆమె ఉండగా ఒక్కసారి చెప్పి ఉండాల్సింది.

ఆమెను తీసుకుపోవాల్సిన వేళకు గల్లీలో వేడిగాలి దుమ్ము లేపుతోంది. పెద్దలు వెంటనే లేపుదామన్నారు. అప్పటిదాకా మూల కూర్చున్న బాపు కర్ర ఊతంతో లేచాడు. "ఆగుర్రి. మోసెటోళ్లు చెప్పుల్లేకుంట నడవాలె, కాళ్లు కాల్తయి. సముద్రం గాలి తిరిగినంక లేపుదం. తిరుగుతది, నేన్ చెప్తున్న గదా."

అందరూ ఆగారు. ఆమె చుట్టూ పెట్టిన ఐసు కరిగి వాకిట్లోకి పారింది. ఆడవాళ్లు కొంగులతో మొహాలు తుడుచుకుంటున్నారు. బాపు గల్లీ మొదట్లో పడమటి వైపు మొహం పెట్టి నిలబడ్డాడు. వెనక నుంచి కొడుతున్న గాలికి ఆయన చొక్కా వీపుకు అతుక్కుపోయింది. గాలి తిరగలేదు. పాడె మోయాల్సిన వాళ్లలో ఒకతను విసుగ్గా "ఏది కాకా నీ సముద్రం గాలి?" అన్నాడు.

బాపు వెనక్కి తిరిగాడు. "రాలే. తప్పయింది. తిట్టుర్రి" అన్నాడు.

ఎవరూ తిట్టలేదు. చెప్పులు విప్పేసి పాడె ఎత్తారు. ముందు నడుస్తూ చల్లిన పేలాలు ఆమె మీద ఒక్కటీ నిలవకుండా, వేడి సిమెంటు రోడ్డు వెంట సముద్రం వైపే కొట్టుకుపోయాయి.