ప్రస్థానం మూట

జగ్గయ్యపేట నుంచి నందిగామ వెళ్లాలన్నా వీరరాఘవయ్య పంచాంగం విప్పాల్సిందే. వెళ్లే రోజు మంచిది కాకపోతే ముందురోజే పంచె, గుప్పెడు బియ్యం మూటగట్టి పక్కింటి బసవమ్మ దగ్గర ప్రస్థానం పెట్టేవాడు. మూట గడప దాటితే మనిషి దాటినట్టే. ప్రయాణం మానుకుని దాన్ని వెనక్కి తేకూడదని వీధిలో అందరికీ చెప్పేది ఆయనే. పత్తి వ్యాపారం తమ్ముడికి అప్పగించాక లండన్, పారిస్, రోము, స్విట్జర్లాండు నెలరోజుల్లో చుట్టిరావాలని నిశ్చయించుకున్నాడు. మీసం దువ్వుకుంటూ పటం మీద వేలితో దారి చూపించి, "కాశీ వెళ్లొచ్చినవాడికి ఇదెంతండీ" అనేవాడు.

పాస్‌పోర్టు కోసం శుక్రవారం హైదరాబాదు వెళ్లాలి. శుక్రవారం పడమటికి వారశూల కనుక గురువారమే మూట పెట్టొచ్చాడు. తెల్లారి బస్సుకు వెళుతూ పక్కింటి ముందు ఆగితే బసవమ్మ రెండు మూటలు తెచ్చింది. "రెండోది పిన్నిగారిదండీ. నిన్న మీరటు వెళ్లగానే తెచ్చి పెట్టారు." వెనక్కి తిరిగితే భార్య దుర్గాంబ ఇంటికి తాళం వేసి, పట్టుచీర కుచ్చెళ్లు సర్దుకుంటూ వస్తోంది.

"వెనక్కి తేకూడదన్నారుగా" అంది.

వీరరాఘవయ్య కాసేపు మీసం దువ్వుకున్నాడు. రెండు మూటలూ తన చంకనే పెట్టుకున్నాడు.

"పాస్‌పోర్టుకి ఫొటోలు కావాలే."

"మొన్న నందిగామ వెళ్లి తీయించుకున్నా. పంచాంగం చూళ్లేదు. పదండి."