కామెర్ల డాక్టరు

రోజూ పొద్దున్నే టీ పోసుకునే ముందు అతను ఖాళీ గ్లాసులోకి ఒకసారి ఊదుతాడు. శుభ్రంగా కడిగి పెట్టిన గ్లాసే. అయినా ఊదుతాడు. కాంక్రీటు గోడలకు కన్నాలు వేసి, దుమ్ము ఊది, బ్రష్షు తిప్పి, మళ్ళీ ఊది, జిగురు మందు నింపి రాడ్లు దించడమే ఏళ్ళ తరబడి అతని బతుకుతెరువుగా ఉండేది. అలవాటు పడ్డ నోరు ఊరుకోదు.

"ఏవండీ, అందులో రాడ్డు దించరు కదా?" అని భార్య నవ్వేది ఒకప్పుడు.

అతనితో కలిసి పనిచేసింది ఆమె తమ్ముడే. బావ కన్నం వేస్తే బావమరిది మందు నింపేవాడు. సముద్రపు గాలి తగిలే ఒక పాత మేడకు కొత్త బాల్కనీలు వేసే పని దొరికింది. తుప్పు పట్టకూడదని ఇంజనీరు పచ్చపూత పూసిన రాడ్లు తెప్పించాడు.

"ఇదేంటి బావా, వీటికి పచ్చకామెర్లొచ్చాయా?" అన్నాడు బావమరిది.

అతను ఒక రాడ్డు మీద బొటనవేలు జార్చి చూశాడు. గాజులా నున్నగా ఉంది. దీన్ని జిగురు ఎక్కడ పట్టుకుంటుంది? ఇంజనీరును అడిగితే, "పూతతోనే దించండి. పట్టు తగ్గుతుందనే కన్నం లోతు పెంచాం" అన్నాడు. మాట అర్థమైంది గానీ చెయ్యి ఒప్పుకోలేదు. ఇంజనీరు అటు వెళ్ళగానే గ్రైండరు తీసి, గోడలోకి దిగే కొసల పూతంతా గీకేశాడు. ఎందుకైనా మంచిదని నాలుగు వేళ్ళు ఎక్కువే గీకాడు.

"డాక్టరుగారు వైద్యం మొదలెట్టారే! ఫీజెంత బావా?"

"మీ అక్కకే కట్టరా. నా జేబు ఆవిడ దగ్గరేగా ఉండేది!"

ఆ రోజు నుంచి పనివాళ్ళంతా అతన్ని కామెర్ల డాక్టరనే పిలిచేవారు. ఆ పిలుపుకు మురిసిపోయేవాడు కూడా.

కొన్నేళ్ళకు బావమరిది ఆ మేడలోనే మూడో అంతస్తులో అద్దెకు దిగాడు. "మా బావ బిగించిన బాల్కనీ. ఏనుగెక్కినా కదలదు" అని ఇరుగుపొరుగుకు గొప్పగా చెప్పుకునేవాడు. ఒక మధ్యాహ్నం తడిబట్టలు ఆరేస్తుంటే బాల్కనీ అతనితో సహా కూలిపోయింది. ఆసుపత్రి దాకా కూడా ప్రాణం నిలవలేదు.

బావ వెళ్ళి గోడలోంచి పొడుచుకొచ్చిన మొండి రాడ్లను చూశాడు. లోపల జిగురు పట్టు సడలనే లేదు. కింద పడ్డ స్లాబు ముక్కల్లో పూత ఉన్నంత మేరా రాడ్లు నిన్న తెచ్చినట్టు పచ్చగా ఉన్నాయి. గోడకూ స్లాబుకూ మధ్య అతుకులో, తను ఎక్కువగా గీకిన ఆ నాలుగు వేళ్ళ మేర మాత్రం ఉప్పుతడి ఇనుమును తినేసింది. చెక్కిన పెన్సిలు మొనలా మిగిలింది.

చుట్టాలంతా వెళ్ళిపోయాక భార్య అడిగింది.

"గీకింది మీరా, వాడా?"

వాడేనంటే కాదనడానికి ఎవరూ లేరు. ఆ ఒక్క మాట అంటే ఇల్లు నిలబడుతుందని అతనికి తెలుసు. నోటిదాకా వచ్చింది.

"నేనే."

"వాడు వద్దనలేదా?"

"నవ్వాడు."

"మీరేం చేసినా నవ్వేవాడు" అంది ఆమె. ఆ తర్వాత ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఏ సంగతీ ఎత్తలేదు. ఇప్పటికీ టీ ఆమే కాస్తుంది. గిన్నె పక్కన గ్లాసు పెట్టి, అతను ఊదేలోపు లోపలి గదిలోకి వెళ్ళిపోతుంది.

అతనిప్పుడు ఒక ఆఫీసు భవనంలో లిఫ్టు నడుపుతున్నాడు.