అద్దె పెద్దరికం

ఈ అరబ్బు దేశంలో, ఎగైలా అనే పేటలో మేం వెళ్ళే మాల్‌లో, పై అంతస్తున వీడియో ఆటలు అమ్మే కొట్టొకటి ఉంది. గురువారం సాయంత్రాలు దాని ముందు కొందరు మగవాళ్ళు ఏ పనీ లేనట్టు నిలబడి ఉంటారు. పనుంది వాళ్ళకు. డబ్బా మూల పద్దెనిమిది అంకె వేసిన ఆటను పిల్లలకు అమ్మకూడదని నియమం. పెద్దవాళ్ళు వెంట ఉంటే అమ్మవచ్చు. పిల్లలు వచ్చి, నిలబడ్డవాళ్ళలో కాస్త గడ్డం నెరిసినవాణ్ణి చూసుకుని, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళతారు. అతను తన బతాకా చూపిస్తాడు. ఆ గుర్తింపు కార్డు మీద పుట్టిన సంవత్సరం ఉంటుంది, అంతే చాలు. బయటికొచ్చాక పిల్లవాడు అతనికో షవర్మా కొనిపెడతాడు. ఇద్దరూ మళ్ళీ జన్మలో కలవరు.

దీన్ని నేను అద్దె పెద్దరికం అంటాను. శుక్రవారాలు మహబూలాలో మా వైపువాళ్ళ గదికి పేకాటకు వెళ్ళినప్పుడు ఈ మాటెత్తితే అందరూ నవ్వుతారు. "ఆయ్, మనకెందుకండీ గురువుగారూ, ఆళ్ళ పిల్లలు, ఆళ్ళ ఆటలు. మీరు ముక్కెయ్యండి" అంటారు. నాకు నవ్వు రాదు. అంకె వేసినవాడు వేసి పక్కకు తప్పుకున్నాడు. అమ్మేవాడు అంకె మీద వేలు పెట్టి చూపించి తప్పుకున్నాడు. ఇంట్లో తల్లిదండ్రులు, డ్రైవరున్నాడు కదా అని తప్పుకున్నారు. చివరికి పెద్దవాడెవరయ్యా అంటే, ఆ పూట తిండి సంగతి ఆలోచిస్తూ అక్కడ నిలబడ్డ కూలీ.

నేను ఇంటి డ్రైవరుని. కోనసీమ నుంచి ఈ దేశం వచ్చేనాటికి నా మీసం నల్లగా ఉండేది. చదువు నాకెవరూ చెప్పలేదు. ఇంగ్లీషు అక్షరాలు సిమెంటు బస్తాల మీద, అరబ్బీ అంకెలు ముందు పోయే కార్ల నంబరు పలకల మీద నేర్చుకున్నాను. డ్రైవరు బతుకులో సగం ఎదురుచూపే కనుక పార్కింగులో కూర్చుని మందుల పెట్టెలు, టైర్ల మీద రాతలు, జ్యూసు డబ్బాల వెనక సంగతులు, అన్నీ చదివాను. సన్నటి అక్షరాల్లోనే అసలు విషయం దాస్తారని నాకు గట్టి నమ్మకం.

చిన్నప్పుడు మా ఊళ్ళో కొబ్బరితోటల మధ్య డేరా వేసి సినిమాలు ఆడేవారు. గోడపత్రిక మీద పెద్దలకు మాత్రమే అని పడిన వారం, మేం కుర్రాళ్ళం కాటుకతో మీసాలు గీసుకుని, నాన్నల లుంగీలు చుట్టుకుని వరసలో నిలబడేవాళ్ళం. గేటు దగ్గరి మనిషి బొటనవేలు తడిచేసి మూతి మీద ఒక్కసారి రాసేవాడు. కాటుక బుగ్గదాకా పాకేది. "మీ బాబుని రమ్మనరా, ఇద్దరికీ కలిపే టిక్కెట్టిత్తాను" అనేవాడు. ఆయనకు మా నాన్నలందరూ తెలుసు. మధ్యాహ్నాలు కారులో కునుకు పట్టినప్పుడు ఆ తడి వేలు ఇప్పటికీ నా పై పెదవిని తాకుతుంది. తోటల్లోంచి ఇంజను చప్పుడు సన్నగా వస్తుంది. తెర మీది వెలుగు కొబ్బరాకుల మీద పడి కదులుతుంది. కళ్ళు తెరిస్తే ఎదురుగా ఇసుక రంగు ఆకాశం.

మా ఇంటి పిల్లవాడికి పన్నెండేళ్ళు. తల్లి ఒళ్ళో ఉన్నప్పటి నుంచీ వాణ్ణి తిప్పుతున్నాను. నన్ను సద్దీక్ అంటాడు. స్నేహితుడా అని అర్థం. ఇక్కడ పేరు తెలియని ప్రతి పరదేశినీ అలాగే పిలుస్తారు గానీ, వాడు పిలిస్తే నాకు అర్థంతో సహా వినపడేది. మా మధ్య నడిచేది అరబ్బీ, హిందీ, ఇంగ్లీషు కలిపి కాచిన గంజి లాంటి భాష.

ఆ నెలలో నా మనసు మనసులో లేదు. నెలాఖరుతో నా ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండే అనుమతి, అయిపోతుంది. ఈ వయసులో దాన్ని పొడిగించాలో, ఊరికి పంపించాలో కఫీల్ ఇష్టం. కఫీల్ అంటే మా ఇంటి యజమాని, మేం బాబా అంటాం. ఆయన ఏమీ అనలేదు. మామా అని మేం పిలిచే ఇంటావిడ మాత్రం వెనక సీట్లో కూర్చుని ఎవరితోనో ఫోనులో, వయసులో ఉన్న డ్రైవరైతే నయమేమో అంది. ఆ మధ్య దుమ్ము లేచిన ఒక సాయంత్రం, సముద్రమూ రోడ్డూ ఒకే రంగులో కలిసిపోయిన వేళ, మేం తిరగాల్సిన అబూ హలీఫా మలుపు దాటేసి చాలా దూరం పోయాను. ఆ రోజు కారులో పిల్లవాడొక్కడే ఉన్నాడు.

ఒక గురువారం వాడు నన్ను కొట్లోకి రమ్మన్నాడు. తల్లి బ్యాంకు కార్డుకి తాళం వేసింది కాబట్టి ఆటను నెట్‌లోంచి దింపుకోలేడు, డిస్కే కొనాలి. పండగ డబ్బులు జేబులో ఉన్నాయి. కౌంటరు వెనక ఉన్నతను అన్నమయ్య జిల్లావాడు. డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. దాని మీద ఒక మనిషి, ముఖమంతా నెత్తురు, తుపాకీ పట్టుకుని నన్నే చూస్తున్నాడు. నేను అద్దాలు పెట్టుకుని డబ్బా వెనక్కి తిప్పాను.

"ఆడ సదివేదేముందిలే పెద్దాయనా. బతాకా సూపిస్తే బిల్లు కొట్టేస్తా" అన్నాడతను.

"ఏంటయ్యా, నన్ను చూత్తే ఈ కుర్రోడి బాబులా కనపడుతున్నానా?"

"బాబో తాతో నాకెందుకు? పద్దెనిమిది దాటిండాలంతే. నీకు మూడు పద్దెనిమిదులు అయిపోయినట్టుండాది."

"నీకు పిల్లలున్నారా?"

"ఉండారు, ఊర్లో. వాళ్ళకు ఇట్లాంటి డబ్బా యాడ దొరుకుతాది" అని నవ్వి, గొంతు తగ్గించాడు. "నామీద కోపమెందుకు సామీ. అద్దాల గదిలో మేనేజరు ఉండాడు. ఆయన అడగమన్నది అడుగుతా, సూడమన్నది సూస్తా. ఇష్టముంటే సూపించు, లేకుంటే పో. ఎనకాల ఇంగా మంది ఉండారు."

తెలుగు అర్థం కాని పిల్లవాడు త్వరగా కానిమ్మని నా చొక్కా లాగాడు. "యల్లా, సద్దీక్."

"పద్దెనిమిది అని ఉంది. నీకు పన్నెండు."

"నీకుంది కదా."

"నాకుంది. ఆడేది నేను కాదుగా."

ఆ ఇంట్లో నా గదిలోని ఏసీ కూడా నా మాట వినదు. ఎప్పుడు తినాలో ఎప్పుడు పడుకోవాలో బండి తాళాలే చెబుతాయి. ఈ గాజు కొట్లో మాత్రం ఒక్క నిమిషంపాటు వీడికి పెద్దవాణ్ణి నేనే. గోడ నిండా తెరల మీద నీలపు వెలుగు పారుతోంది. మనుషుల ముఖాలన్నీ నీళ్ళ అడుగున తేలుతున్నట్టున్నాయి, ఎవరి మాటా బయటికి రావడం లేదు. ఆ నిమిషంలో నేను చాలాసేపు కాపురమున్నట్టు తోచింది.

"కార్డు చూపించను" అన్నాను.

వాడు నా దగ్గరికి జరిగి మెల్లగా అన్నాడు. "సాయంత్రం పూట నీకు రోడ్డు కనపడదని మామాకు చెబుతా. ఆ రోజు దారి తప్పావని కూడా చెబుతా."

"చెప్పు. నేను కారు దగ్గర ఉంటా" అన్నాను.

కిందికి వచ్చి కారులో కూర్చుంటే వేడికి కళ్ళు మూతలు పడ్డాయి. కొబ్బరితోటలు రాలేదు ఈసారి. తెల్లటి గీతలున్న ఖాళీ రోడ్డు, దాని చివర ఎవరూ లేని విమానం. వాడు వచ్చి తలుపు తీశాక గానీ తెలివి రాలేదు. ఎప్పుడూ ముందు సీట్లో నా పక్కన కూర్చునేవాడు, వెనక కూర్చున్నాడు.

"ఏం కొన్నావు?"

"ఫుట్‌బాల్ ఆట."

నమ్మాను. ఇద్దరం సముద్రం పక్కనుంచి ఇంటికి వచ్చాం.

ఆ తరవాత ఇంట్లో ఎవరు పిలిచినా, ఖలాస్, ఇక ఊరికి పో అనే మాట ఆ పిలుపు వెనక ఉందనుకునేవాణ్ణి. సాయంత్రం బండి తీస్తే మలుపు మలుపునూ పేరు పెట్టి పలకరించుకుంటూ నడిపేవాణ్ణి.

ఒకరోజు పొద్దువాలే వేళ అసర్ నమాజు పిలుపు అయ్యాక మామా ముంగిట్లోకి రమ్మంది. ఆమె చేతిలో నెత్తురు ముఖం డబ్బా. పక్కన పిల్లవాడు, కళ్ళ కింద నలుపు. కొన్నాళ్ళుగా దీపం ఆర్పితే ఒప్పుకోవడం లేదట, నిద్రలో అరుస్తున్నాడట.

"ఇది కొన్నప్పుడు నీ వెంట ఎవరున్నారు?" అని వాణ్ణే అడిగింది.

"సద్దీక్" అన్నాడు, నేల చూస్తూ.

ఆమె నాకేసి తిరిగింది. "ముసలివాడివి, బుద్ధి లేదా? అంత అంకె కనపడలేదా? నీకు చూపు తగ్గిందని వీడు అంటూనే ఉన్నాడు."

చెప్పేశాడన్నమాట. ఇక దాచుకోవడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. కోపం కాళ్ళలోంచి పైకి వచ్చింది.

"కనపడింది మామా. కనపడబట్టే వద్దన్నాను. కార్డు చూపించకుండా బయటికి వచ్చేశాను. మీరు అమ్మినవాణ్ణి అడగరు, నన్ను అడుగుతారు. అడగండి. కానీ వీడికి పెద్దవాణ్ణి నేనే అయితే, నేను వద్దన్న మాట కూడా ఈ ఇంట్లో చెల్లాలి. చెల్లదంటే, ఈ ప్రశ్న కూడా నన్ను అడగొద్దు."

అంత అరబ్బీ నేను ఒక్క గుక్కలో ఎన్నడూ మాట్లాడలేదు. మాట్లాడాక, సామాను సర్దిన పెట్టెకు తాడు కడుతున్న నా చేతులు నాకే కనిపించాయి.

మామా కొడుకు గడ్డం పట్టుకుని ఎత్తింది. "నిజమేనా?"

గోడ మీది ఏసీ నుంచి నీటి చుక్కలు పడుతున్నాయి. వాడు వాటినే చూస్తూ, "ఇంకో మనిషి" అన్నాడు.

"ఎవరు?"

"తెలీదు. బయట నిలబడి ఉన్నాడు. షవర్మా కొనిచ్చాను."

"షవర్మాకా?" అంది. డబ్బా మూల ఉన్న అంకె మీద వేలు పెట్టి చూసింది. గోడ నీడ మా చెప్పుల దాకా వచ్చింది. అప్పుడామె డబ్బా నా చేతికిచ్చింది.

"నీ దగ్గరుంచు. వీడికి పద్దెనిమిది వచ్చాక ఇవ్వు."

వెళ్ళబోతుంటే పిల్లవాడు అడిగాడు. "అప్పటిదాకా సద్దీక్ ఇక్కడే ఉంటాడా?"

నా మీద ప్రేమతో అడిగాడో, డబ్బా ఏమవుతుందోనన్న బెంగతో అడిగాడో నాకు ఈనాటికీ తెలియదు. మామా గడప దగ్గర ఆగింది. నన్ను చూసింది, డబ్బాను చూసింది, కొడుకును చూసింది.

"ముందు కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళు" అంది నాతో. "వస్తూ ఫోటోలు కూడా తీయించుకునిరా. ఇఖామాకి కావాలి."

మర్నాడు అబూ హలీఫాలో ఫోటోలు తీసే బెంగాలీ నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, తెల్లటి తెర సరిచేసి, కెమెరాలోంచి చూశాడు. "చాచా, కళ్ళు కాస్త తెరవండి. నిద్రలో ఉన్నట్టున్నారు" అన్నాడు హిందీలో.

తెరిచే ఉన్నాయి, తియ్యి అన్నాను.