శంషాబాదు పెండ్లిలో ఎంగిలైన పప్పు

పెండ్లి భోజనమంటే ఎంత దూరమైనా పోయే దుర్గుణం నాకుంది. అందుకే, మా ఇంటికి ఏటా జొన్నలు తెచ్చే శంషాబాదు రైతు మల్లయ్య వచ్చి “బిడ్డ పెండ్లి పంతులూ, తప్పకుండ రావాలె” అనగానే, బడికి సెలవు పెట్టి కాచిగూడలో పొద్దున ఏడు గంటల బండి ఎక్కాను. ఆ వైపు వెళ్ళదలచినవారికి ఒక మాట. శంషాబాదుకని అడిగితే టిక్కెట్టు ఇవ్వరు. స్టేషను పేరు ఉందానగర్. దిగి కాస్త దూరం నడవాలి, గొడుగు తీసుకువెళ్ళడం మంచిది.

నా ఎదుటి మనిషి బల్లను రుమాలుతో రెండు మూడుసార్లు తుడిచి గాని కూర్చోలేదు. ఖాకీ టోపీ, ఒళ్ళో తోలు సంచి. పేరు నరసింగరావు, శానిటరీ ఇన్‌స్పెక్టరు. ఆ ఎండాకాలం చుట్టుపక్కల ఊళ్ళలో గత్తర తగిలింది. వాంతులూ భేదులూ పట్టుకుంటే తెల్లారేసరికి మనిషి దక్కడం లేదు. అందుకని నలుగురికీ కలిపి వండే వంటలన్నీ పరీక్ష చేసి గాని వడ్డించనివ్వవద్దని సర్కారు హుకుం.

“నెల రోజులుగా డప్పు కొట్టించి చెప్తున్నాను పంతులుగారూ, చేతులు కడుక్కోండి, కూటి మీద మూత పెట్టండి అని. డప్పు బాగా కొట్టించారని మెచ్చుకుంటున్నారు” అన్నాడు.

ఇవాళ ఎక్కడికని అడిగాను. మల్లయ్య అనే రైతు ఇంట్లో పెండ్లికట. నా భోజనానికీ పరీక్ష తప్పదన్నమాట.

మేం చేరేసరికి తాళి కట్టడం అయిపోయింది. బాలాపూరు నుంచి ఎడ్లబండ్లలో వచ్చిన మగపెండ్లివారు పందిట్లో భోజనాల పిలుపు కోసం చూస్తున్నారు. పెరట్లో పొయ్యిల మీద మూడు పెద్ద గుండిగలు. ఒకదాంట్లో పప్పు, ఒకదాంట్లో గుమ్మడికాయ పులుసు, ఒకదాంట్లో పాయసం. ఆ వాసనకే నా సెలవు సార్థకమైంది.

నరసింగరావు సంచిలోంచి వెండి చెంచా తీసి మరిగే నీళ్ళలో ముంచాడు. వంట చెడిందీ లేనిదీ రుచి చూసి తేల్చాలట. చెంచాడు పప్పు తీసి, ఊదుకుని, నోట్లో పెట్టుకున్నాడు. ఏదో అనుమానం వచ్చినట్టుంది, అదే చెంచా మళ్ళీ పప్పులో ముంచాడు. పులుసులోనూ అంతే. పాయసం బాగా కుదిరినట్టుంది, అందులో చాలాసార్లు ముంచాడు.

పెండ్లికొడుకు మేనమామ రాజయ్య, పెద్ద తలపాగా మనిషి, నెమ్మదిగా ముందుకు వచ్చాడు.

“ఎంగిలి జేసిండు. మూడు గుండిగలు ఎంగిలైనయ్.”

“మరిగే గుండిగలో ఏ క్రిమీ బతకదయ్యా” అన్నాడు నరసింగరావు.

“క్రిమి చస్తది సారూ. ఎంగిలి చస్తదా?”

రాజయ్య బండ్లు కట్టమన్నాడు. మల్లయ్య వెళ్ళి ఎడ్లకు అడ్డంగా నిలబడ్డాడు. మళ్ళీ వండుదామంటే ఇంట్లో గింజ లేదు, ఉన్నదంతా ఆ గుండిగల్లోనే ఉంది. పెండ్లినాడు వియ్యాలవారు పస్తులతో వెళ్ళిపోతే ఆ పిల్ల బతికినన్నాళ్ళూ అత్తింట్లో ఆ మాట పడవలసిందే. పెండ్లికూతురు బాసికం కింద కళ్ళు ఒత్తుకుంటున్నది. నాకు ఆ పిల్ల మీద జాలి, ఆ పప్పు మీద బెంగ ఒకేసారి కలిగాయి. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

అప్పటిదాకా గడప మీద కూర్చుని ఆకు నములుతున్న మల్లయ్య తల్లి నోరు విప్పింది.

“ఏం రాజయ్యా, నీ అల్లుడు నిన్నటిదాంక ఏం జేసెటోడు?”

“గొర్లు గాసెటోడు.”

“పొద్దుగాల నా కొడుకు ఆని కాళ్ళు గడిగి ఏమన్నడు?”

“విష్ణుమూర్తివన్నడు. పెండ్లిల రివాజే గద.”

“కాళ్ళు గడిగితె నీ అల్లుడు దేవుడాయె. మరి గీ సారు గాడా? దేవుని ఎంగిలైతె ప్రసాదమే గద.”

రాజయ్య తలపాగా సర్దుకున్నాడు. కాదంటే తన మేనల్లుడి దైవత్వం కూడా పోతుంది. అందరూ పురోహితుడి వైపు చూశారు. పురోహితుడు కూడా పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. శాస్త్రం ఒప్పుకుంటుందని వెంటనే చెప్పేశాడు.

ఒప్పుకోనిది నరసింగరావు ఒక్కడే. “నేను సర్కారు నౌకరునయ్యా. పైవాళ్ళకు తెలిస్తే?”

మల్లయ్య అతని కాళ్ళు పట్టుకున్నాడు. “బాంచెన్ సారూ. తిండ్లయ్యేదాంక జర దేవుడు గాండ్రి.”

పీట వేశారు. ఖాకీ టోపీ తీసి మెడలో దండ వేశారు. మల్లయ్య తాంబాళంలో అతని కాళ్ళు కడిగాడు. ఆ నీళ్ళు తీర్థంగా పుచ్చుకోవడానికి జనం చేతులు చాపారు.

“తాగకండి” అని అరిచాడు దేవుడు.

చాపిన చేతులన్నీ వెనక్కి పోయాయి. నెల రోజుల్లో అతని మాట జనం వినడం అదే మొదలు. ముఖంలోకి ఎక్కడలేని కళ వచ్చింది. వెన్ను నిటారుగా పెట్టి, తన సంచిలో సబ్బులున్నాయనీ, అందరూ చేతులు కడుక్కోవాలనీ, అన్నం మీద గుడ్డ కప్పాలనీ, కాచిన నీళ్ళే పొయ్యాలనీ వరుసగా ఆజ్ఞలిచ్చాడు. పందిరి పందిరంతా సబ్బు కోసం వరుస కట్టింది. రాజయ్య మోచేతుల దాకా రుద్దుకుని, అరచేతులు తిప్పి దేవుడికి చూపించి, విస్తరి ముందు కూర్చున్నాడు. అతను మొదటి ముద్ద మింగేదాకా మల్లయ్య ఊపిరి తీయలేదు. మారు పప్పు అడగగానే పందిరి గుంజ పట్టుకుని ఏడ్చాడు. పప్పు అమోఘం. నేనూ మారు వేయించుకున్నాను.

దేవుడి ముందు కూడా నిండు విస్తరి పెట్టారు. గంట కొట్టి తెర పట్టారు. దేవుడు చెయ్యి చాపేలోగా తెర తీసి, విస్తరి పట్టుకుపోయి, తలా ఇంత ప్రసాదం పంచేశారు. మధ్యలో పీట దిగితే పప్పు మళ్ళీ ఎంగిలైపోతుందని పురోహితుడు హెచ్చరించాడు. చివరి పంక్తి లేచేసరికి గుండిగలు తోముతున్నారు.

సాయంత్రం బండికి పరుగెత్తాం. అది తప్పితే తెల్లారేదాకా ఉందానగర్‌లో దోమలతో కాపురమే. నరసింగరావు బండిలో దండ తీసి సంచిలో పెట్టుకున్నాడు. “చూశారా పంతులుగారూ, ఎంత శుభ్రంగా తిన్నారో” అంటుండగా అతని కడుపు గుర్రుమంది. నేను చాలా ఊళ్ళు తిరిగాను గాని అంత శుభ్రమైన పంక్తి మరెక్కడా చూడలేదు. దేవుడి ఉద్యోగం మాత్రం సర్కారు నౌకరీ కంటే కష్టమని ఆ రోజే తెలిసింది.

ఫలక్‌నుమాలో ఒకావిడ ఉడికిన శనగల గంప తెచ్చి కిటికీ దగ్గర దించింది. గంప మీద గుడ్డ లేదు, ఈగలున్నాయి. నరసింగరావు రుమాలుతో ఈగలను తోలాడు.

“చేతులు కడుక్కుని పెట్టమ్మా.”

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. “చెప్పనీకె నువ్వేమన్న దేవునివా?”

నరసింగరావు నా వైపు ఒకసారి చూసి, “కాదమ్మా” అని దోసిలి పట్టాడు.